స్విఫ్ట్ కోడ్‌తో విదేశాలకు డబ్బు పంపడం: ఫారం నింపే ముందు నుంచి డబ్బు చేరేదాకా

యూనివర్సిటీ నుంచి ఫీజు మెయిల్ వస్తుంది. అందులో స్విఫ్ట్ కోడ్ అని ఒకటి, ఐబాన్ అని ఒకటి, రౌటింగ్ నంబర్ అని ఇంకొకటి ఉంటాయి. బ్యాంకు ఫారం చూస్తే గడుల పేర్లు వేరే. ఏది ఎక్కడ రాయాలో తెలియక ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఈ సంగతి చాలామంది మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను. కొన్నేళ్లు ఒక బ్యాంకులో ఫారెక్స్ (విదేశీ మారకం) కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి. కింద చెప్పే పొరపాట్లలో చాలావరకు ఆ కౌంటర్ మీదికి వచ్చినవే.

ముందే ఒక మాట. స్విఫ్ట్ కోడ్ అంటే దేశాల మధ్య డబ్బు పంపేటప్పుడు బ్యాంకును గుర్తించే కోడ్. అది మీ డబ్బును అవతలి బ్యాంకు గుమ్మం దాకానే తీసుకెళ్తుంది. గుమ్మం దాటి సరైన ఖాతాలో పడాలంటే ఖాతా నంబరూ పేరూ కుదరాలి. అందుకే కోడ్ ఒక్కటి చూసుకుంటే చాలదు.

1. మీకు కావలసింది ఏ కోడో తేల్చుకోండి

స్విఫ్ట్ కోడ్ అన్నా, బిక్ అన్నా ఒకటే. యూరప్ కాగితాల్లో బిక్ అని రాస్తారు, మన దగ్గర స్విఫ్ట్ అంటారు. ఫారంలో రెండూ విడివిడిగా అడిగినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు.

ఐఎఫ్ఎస్‌సీ మాత్రం వేరు. అది దేశం లోపల నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు వాడేది. ఇది 11 అక్షరాలు, స్విఫ్ట్ కోడ్ కూడా 11 ఉండవచ్చు, అందుకే తికమక. తేడా పట్టుకోవడం సులువు: ఐఎఫ్ఎస్‌సీలో ఐదోది ఎప్పుడూ సున్నా. స్విఫ్ట్ కోడ్‌లో ఐదు, ఆరు స్థానాల్లో దేశం పేరుకు గుర్తుగా రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి.

ఇంకో సంగతి. మీరు పంపేటప్పుడు రాయాల్సింది డబ్బు అందుకునే బ్యాంకు కోడ్. తమ పాస్‌బుక్ మీద ఉన్న కోడ్‌నే తెచ్చి రాసేవాళ్లు తక్కువేం కాదు.

2. కోడ్‌ను ముక్కలు చేసి చదవండి

ఈ పని అర నిమిషంలో అయిపోతుంది, సగం తప్పులు ఇక్కడే దొరుకుతాయి. కోడ్‌లో 8 గానీ 11 గానీ అక్షరాలుంటాయి. 9, 10 ఉన్నాయంటే ఎక్కడో తప్పు జరిగినట్టే.

– మొదటి 4: బ్యాంకు
– తర్వాతి 2: దేశం
– తర్వాతి 2: ఊరు లేదా ప్రాంతం. ఇక్కడ అంకెలు కూడా రావచ్చు
– చివరి 3: శాఖ. ఇవి లేకపోయినా ఫర్వాలేదు

అందరికీ తెలిసిన బ్యాంకునే తీసుకుందాం. భారతీయ స్టేట్ బ్యాంకు కోడ్ ఎస్-బి-ఐ-ఎన్, ఐ-ఎన్, బి-బి. మొదటి నాలుగూ బ్యాంకు, ఐ-ఎన్ అంటే ఇండియా, బి-బి అంటే ముంబయి. అమెరికాలో చేజ్ బ్యాంకుది సి-హెచ్-ఎ-ఎస్, యు-ఎస్, 3-3. చివర అంకెలు చూసి తప్పనుకోకండి.

ఐసీఐసీఐ కోడ్ దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. అది ఐ-సి-ఐ-సి, ఐ-ఎన్, బి-బి. బ్యాంకు పేరులో ఐదు అక్షరాలున్నాయి కదా అని ఇంకో ఐ కలిపి రాస్తే మొత్తం తొమ్మిదవుతాయి. లెక్కపెట్టి చూసుకుంటే వెంటనే దొరికిపోతుంది.

కోడ్ 11 అక్షరాలుండి చివర మూడు ఎక్స్‌లు కనిపిస్తే అది ప్రధాన కార్యాలయం. ఎనిమిది అక్షరాల కోడ్ అన్నా, దానికి మూడు ఎక్స్‌లు తగిలించినా ఒకటే. ఫారం 11 అడుగుతుంటే, మీ దగ్గర 8 ఉంటే, చివర మూడు ఎక్స్‌లు పెట్టండి. సున్నాలు పెట్టకండి.

ఎనిమిదో స్థానాన్ని ఒకసారి చూడండి. అక్కడ సున్నా ఉంటే అది పరీక్షల కోసం వాడే కోడ్, దానికి డబ్బు పంపలేం. 1 ఉంటే ఆ బ్యాంకు స్విఫ్ట్ నెట్‌వర్క్‌తో నేరుగా కలిసి లేదని అర్థం. అప్పుడు మధ్యలో ఉండే బ్యాంకు వివరాలు కూడా అడిగి తీసుకోవాలి.

ఒకసారి నరసరావుపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. జర్మనీలో చదివే కొడుకు ఫోన్లో చెబుతుంటే కోడ్ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. దేశం దగ్గర డి-ఈ ఉండాల్సింది, బి-ఈ అని ఉంది. బి-ఈ అంటే బెల్జియం. ఫారంలో దేశం జర్మనీ, కోడ్‌లో బెల్జియం! అది కళ్లపడబట్టి సరిపోయింది. కోడ్‌ను ఫోన్లో విని రాసుకోవద్దు. తప్పనిసరైతే బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ అని అక్షరం అక్షరం పలికించుకోండి.

దీంట్లో ఒక ప్రమాదముంది. ఐబాన్‌లో (యూరప్, గల్ఫ్ లాంటి చోట్ల వాడే అంతర్జాతీయ ఖాతా నంబరు) తప్పు పట్టే చెక్ అంకెలు ఉంటాయి, ఒక్క అంకె మారినా కంప్యూటర్ ఒప్పుకోదు. స్విఫ్ట్ కోడ్‌కు అలాంటి కాపలా లేదు. మీరు తప్పుగా రాసినది ఇంకో బ్యాంకుకో, ఇంకో శాఖకో నిజమైన కోడ్ అయి ఉంటే కంప్యూటర్ మారు మాట్లాడకుండా తీసుకుంటుంది.

3. కోడ్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

నమ్మదగిన వరుస ఇది:

– డబ్బు అందుకునేవారి బ్యాంకు స్టేట్‌మెంట్, లేదా వారి నెట్ బ్యాంకింగ్‌లో విదేశాల నుంచి డబ్బు తెప్పించుకునే వివరాలున్న పేజీ
– యూనివర్సిటీ అయితే విద్యార్థి లాగిన్ లోపల ఉండే ఫీజు పేజీ
– ఆ బ్యాంకు సొంత వెబ్‌సైట్

గూగుల్లో వెతికితే వచ్చే కోడ్ జాబితాలను సరిచూసుకోవడానికి వాడుకోండి. అక్కడి నుంచి కోడ్ ఎత్తి ఫారంలో పెట్టకండి. ఒకే బ్యాంకుకు ఒకటి కంటే ఎక్కువ కోడ్‌లుంటాయి, వాటిలో మీకు కావలసింది ఏదో ఆ జాబితా చెప్పదు. బ్యాంక్ ఆఫ్ అమెరికానే చూడండి: డాలర్లు వస్తే ఒక కోడ్, వేరే కరెన్సీలో వస్తే ఇంకో కోడ్.

మెయిల్‌లో వచ్చిన వివరాలతో ఇంకా జాగ్రత్త. 'మా బ్యాంకు ఖాతా మారింది, ఇక నుంచి ఈ కోడ్‌కు పంపండి' అని వచ్చిందంటే అది మోసం కావచ్చు. మెయిల్లో ఉన్న నంబరుకు కాకుండా, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. వ్యాపారం చేసేవాళ్లు దీన్ని గోడ మీద రాసి పెట్టుకున్నా తప్పులేదు.

4. కోడ్‌కు తోడుగా ఏ దేశానికి ఏం కావాలి

యూరప్ దేశాలు, బ్రిటన్, గల్ఫ్ దేశాలు: ఐబాన్ కావాలి. అక్షరాలు లెక్కపెట్టండి. జర్మనీకి 22, బ్రిటన్‌కు 22, యూఏఈకి 23, సౌదీకి 24, ఫ్రాన్స్‌కు 27, ఖతార్‌కు 29, కువైట్‌కు 30. ఐబాన్ మొదటి రెండు అక్షరాలూ దేశానివి, అవి స్విఫ్ట్ కోడ్‌లోని దేశంతో మామూలుగా కలుస్తాయి. పిల్లలు యాప్‌లో తెరిచే కొన్ని ఆన్‌లైన్ బ్యాంకు ఖాతాలకు మాత్రం వాళ్లు జర్మనీలో ఉన్నా లిథువేనియా ఐబానో, బెల్జియం ఐబానో వస్తుంది. అప్పుడు ఫారంలో బ్యాంకు దేశం కూడా అదే రాయాలి.

అమెరికా: ఐబాన్ లేదు. స్విఫ్ట్ కోడ్, ఖాతా నంబరు, 9 అంకెల రౌటింగ్ నంబర్ (అమెరికా లోపల బ్యాంకును గుర్తించేది) కావాలి. ఒకే బ్యాంకుకు వైర్ (నేరుగా బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపడం) కోసం ఒక రౌటింగ్ నంబర్, ఏసీహెచ్ (అమెరికా లోపలి మామూలు బదిలీలు) కోసం ఇంకో నంబరు ఉండవచ్చు. మీకు కావలసింది వైర్ నంబర్. చెక్కు అడుగున అచ్చయిన నంబరు అదే అయి ఉండాలని లేదు. క్రెడిట్ యూనియన్ (అక్కడి సహకార బ్యాంకు లాంటిది) ఖాతా అయితే దానికి సొంత స్విఫ్ట్ కోడ్ ఉండకపోవచ్చు. వాళ్ల తరఫున డబ్బు అందుకునే పెద్ద బ్యాంకు కోడ్ ఇచ్చి, తర్వాత ఎవరికి జమ చేయాలో కింద రాయమంటారు. వాళ్లిచ్చిన సూచన కాగితంలో ఉన్నట్టే రాయండి.

ఆస్ట్రేలియా: 6 అంకెల బీఎస్‌బీ (బ్యాంకునూ శాఖనూ గుర్తించే నంబరు), ఖాతా నంబరు.

కెనడా: 5 అంకెల ట్రాన్సిట్ నంబరు (శాఖది), 3 అంకెల సంస్థ నంబరు (బ్యాంకుది), ఖాతా నంబరు.

5. పేరూ చిరునామా: మనవాళ్లకు తగిలే దెబ్బ ఇక్కడే

కోడ్ సరిగ్గా ఉన్నా పేరు కలవక ఆగిపోయిన డబ్బు చాలానే చూశాను. మన ఇంటిపేర్లే కారణం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఇక్కడి బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది. అమెరికా బ్యాంకులో ఇంటిపేరు చివరికి వెళ్తుంది. మీరు రాయాల్సింది డబ్బు అందుకునే ఖాతాలో ఉన్న పేరు, ఉన్న వరుసలో. ఇంట్లో పిలిచే పేరూ పనికిరాదు, ఆధార్‌లోని పేరూ పనికిరాదు.

యూనివర్సిటీకి పంపుతుంటే అందుకునేవారి పేరు యూనివర్సిటీదే. విద్యార్థి పేరు, ఐడీ నంబరు వివరాల గడిలో రాయాలి. ఆ ఐడీ లేకపోతే డబ్బు యూనివర్సిటీ ఖాతాలో పడుతుంది కానీ ఎవరి ఫీజో తెలియక పక్కన ఉండిపోతుంది.

చిరునామాలో ఊరు, దేశం తప్పనిసరి, వాటిని వాటి గడుల్లోనే రాయండి. స్విఫ్ట్ సందేశంలో అన్ని గుర్తులూ చెల్లవు. మనం ఇంటి నంబరు ముందు అలవాటుగా పెట్టే హ్యాష్ గుర్తు, మెయిల్ ఐడీలో వచ్చే ఎట్ గుర్తు, 'అండ్' బదులు రాసే ఆంపర్‌సాండ్ మానేయండి. చుక్క, కామా, అడ్డగీత, ఏటవాలు గీత ఫర్వాలేదు. గీతలతో వరుసను మొదలుపెట్టకుండా చూసుకుంటే చాలు.

6. బ్యాంకుకు వెళ్లే ముందు

మన దేశం నుంచి ఒక వ్యక్తి ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) కింద ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. ఇది తల ఒక్కింటికి లెక్క. తల్లి, తండ్రి వేరు వేరుగా ఎవరి ఖాతా నుంచి వాళ్లు పంపుకోవచ్చు.

టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) గురించి ముందే అడగండి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీదే అది పడుతుంది. గుర్తింపున్న ఆర్థిక సంస్థ ఇచ్చిన విద్యా రుణం నుంచి ఫీజు పంపితే టీసీఎస్ లేదు. మిగతా రేట్లు పంపే కారణాన్ని బట్టి ఉంటాయి, బడ్జెట్‌లో మారుతుంటాయి. పంపే రోజు రేటెంతో బ్యాంకులో కనుక్కోండి. టీసీఎస్ ఎవరి పాన్ మీద పడిందో వాళ్లు రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. కాబట్టి ఎవరి ఖాతా నుంచి పంపాలో ఆలోచించాకే బయల్దేరండి.

చేతిలో ఉండాల్సినవి:

☐ పంపేవారి పాన్, ఆధార్, చెక్కు
☐ విద్యార్థి పాస్‌పోర్టు, వీసా కాపీలు
☐ అడ్మిషన్ లెటర్ (అమెరికా అయితే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారం), ఫీజు ఇన్‌వాయిస్
☐ అవతలి బ్యాంకు వివరాల ప్రింట్. చేత్తో రాసిన చీటీ వద్దు
☐ రుణమైతే బ్యాంకు శాంక్షన్ లెటర్
☐ ఖాతాలో పంపే మొత్తంతో పాటు చార్జీలకు, జీఎస్టీకి, టీసీఎస్‌కు సరిపడా డబ్బు

చివరిది మరిచిపోయి మళ్లీ ఏటీఎం కేసి పరిగెత్తినవాళ్లు ఎందరో.

7. ఫారం నింపే వరుస

బ్యాంకులో ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు) ఇస్తారు. నెట్ బ్యాంకింగ్‌లోనూ అవే గడులు. ఈ వరుసలో వెళ్తే తడబడరు.

మొదట కరెన్సీ. అవతలి ఖాతా ఏ కరెన్సీలో ఉందో అదే ఎంచుకోండి. ఆస్ట్రేలియా ఖాతాకు అమెరికన్ డాలర్లు పంపితే రెండుసార్లు మార్పిడి, రెండుసార్లు నష్టం.

తర్వాత స్విఫ్ట్ కోడ్. కోడ్ టైపు చేయగానే చాలా స్క్రీన్లలో బ్యాంకు పేరు, ఊరు వాటంతట అవే వస్తాయి. ఇక్కడ ఆగండి. వచ్చిన పేరును మీ ప్రింట్‌తో కలిపి చూడండి. కలవకపోతే ముందుకు వెళ్లకండి.

తర్వాత ఖాతా నంబరు లేదా ఐబాన్, మధ్యలో ఖాళీలు లేకుండా. ఆ తర్వాత పేరు, చిరునామా.

మధ్యవర్తి బ్యాంకు అని ఒక గడి ఉంటుంది. అవతలివాళ్లు ఇవ్వకపోతే ఖాళీగా వదిలేయండి. చాలాసార్లు మీ బ్యాంకే తనకున్న దారి చూసుకుంటుంది. ఏదో ఒకటి రాయాలని రాస్తే డబ్బు చుట్టు తిరిగి వెళ్తుంది.

పర్పస్ కోడ్, అంటే డబ్బు ఎందుకు పంపుతున్నారో చెప్పే కోడ్, తప్పు పెట్టొద్దు. విదేశీ చదువు ఫీజు, హాస్టల్ ఖర్చులకు ఎస్-0305. ఇంటివాళ్ల పోషణకు ఎస్-1301. బహుమతికి ఎస్-1302. టీసీఎస్ లెక్క కూడా ఈ కోడ్‌ను బట్టే మారుతుంది.

ఇక చార్జీలు. అవర్, షా, బెన్ అని మూడు ఉంటాయి. అవర్ అంటే ఖర్చంతా మీదే. షా అంటే మన వైపు ఖర్చు మీది, అవతలి ఖర్చూ దారిలో కోతలూ అందుకునేవారివి. బెన్ అంటే అంతా వాళ్లదే. ఫీజుకు, జర్మనీ బ్లాక్డ్ అకౌంట్‌కు (వీసా కోసం విద్యార్థి ఖర్చుల డబ్బు ముందే వేసి చూపే ఖాతా) ఎప్పుడూ అవర్ ఎంచుకోండి. ఉదాహరణకు 12,000 డాలర్ల ఫీజును షాలో పంపితే దారిలో 20 డాలర్లు కోత పడిందనుకోండి, యూనివర్సిటీ లెక్కలో 20 డాలర్ల బాకీ మిగులుతుంది. దాన్ని తీర్చడానికి మళ్లీ ఒక వైర్ చార్జీ. బ్లాక్డ్ అకౌంట్‌కైతే ఏడాదికి చూపాల్సిన 11,904 యూరోలకు ఒక్క యూరో తగ్గినా వీసా కాగితం ఆగుతుంది. అమెరికాకు పంపేటప్పుడు అవర్ పెట్టినా అవతలి బ్యాంకు తన రుసుము తీసుకోవచ్చు. మీ బ్యాంకులో 'ఫుల్ వాల్యూ' (కోత లేకుండా పూర్తి మొత్తం చేరే) సదుపాయం ఉందేమో అడగండి.

రేటు సంగతి: టీవీలో కనిపించే డాలర్ రేటు మీకు రాదు. మీకు వేసేది టీటీ సెల్లింగ్ రేటు, అంటే బ్యాంకు మీకు విదేశీ కరెన్సీ అమ్మే రేటు. అదెంతో సంతకం పెట్టే ముందే అడిగి రాసుకోండి. వైర్ చార్జీ తగ్గించామని సంతోషపెట్టి రేటులో రాబట్టుకోవడం మామూలే. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ కనీసం 45 రూపాయలు, మొత్తం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది.

8. పంపిన రోజే చేయాల్సినవి

☐ స్విఫ్ట్ సందేశం కాపీ తీసుకోండి. 2025 నవంబర్ నుంచి సందేశం ఫార్మాట్ మారింది, కౌంటర్లో మాత్రం ఇంకా ఎంటీ 103 (పాత ఫార్మాట్ పేరు) కాపీ అంటేనే అర్థమవుతుంది
☐ అందులో యూఈటీఆర్ అనే 36 అక్షరాల నంబరు వెతకండి. కొరియర్‌కు ట్రాకింగ్ నంబరు ఎలాగో, డబ్బుకు ఇది అలా
☐ కాపీలో కోడ్, ఖాతా నంబరు, పేరు మళ్లీ సరిచూడండి. టైపు చేసింది మనిషే కదా
☐ కాపీని విద్యార్థికి పంపండి, యూనివర్సిటీకి చూపించుకుంటారు

శుక్రవారం మధ్యాహ్నం పంపి, సోమవారం ఆఖరు తేదీ అని కూర్చోవద్దు. అక్కడి సెలవులు, ఇక్కడి సెలవులు, బ్యాంకు కట్-ఆఫ్ సమయం అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆఖరు తేదీకి వారం ముందు పంపితే ప్రశాంతంగా ఉండొచ్చు.

9. తప్పు జరిగితే

పేరులోనో, చిరునామాలోనో చిన్న తప్పు: వెంటనే బ్యాంకులో సవరణకు రాతపూర్వకంగా ఇవ్వండి. చార్జీ ఉంటుంది. అవతలి బ్యాంకు డబ్బు వెనక్కి పంపకముందే ఇది జరగాలి.

కోడ్ తప్పు, ఖాతా నంబరు ఆ బ్యాంకులో లేదు: డబ్బు సాధారణంగా వెనక్కి వస్తుంది, కానీ తగ్గి వస్తుంది. పంపేటప్పుడు సెల్లింగ్ రేటు, తిరిగొచ్చేటప్పుడు బయింగ్ రేటు, మధ్యలో బ్యాంకుల కోతలు.

వేరేవాళ్ల ఖాతాలో జమ అయింది: ఇదే అన్నిటికంటే కష్టం. మీ బ్యాంకు రీకాల్ (డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగే) సందేశం పంపుతుంది. అయితే జమ అయిపోయాక ఆ ఖాతాదారు ఒప్పుకోనిదే అవతలి బ్యాంకు మామూలుగా డబ్బు తియ్యదు. గంటలు లెక్కపెట్టుకుని కదలాల్సిన పని ఇది. రేపు చూద్దాం అనుకోవద్దు.

రోజులు గడిచినా చేరలేదు: యూఈటీఆర్ ఇచ్చి ట్రేస్ పెట్టమనండి. ఏ బ్యాంకు దగ్గర ఆగిందో తెలుస్తుంది. చాలాసార్లు మధ్యలో ఒక బ్యాంకు ఏదో ఒక వివరం అడిగి ఉంటుంది, ఆ ప్రశ్న ఇక్కడ ఎవరి ఇన్‌బాక్స్‌లోనో పడి ఉంటుంది.

10. అక్కడి నుంచి ఇక్కడికి తెప్పించుకునేవారికి

డబ్బు పంపే యాప్‌లు చాలావరకు ఐఎఫ్ఎస్‌సీ మాత్రమే అడుగుతాయి, ఎందుకంటే ఇండియా లోపల వాళ్లు నెఫ్ట్‌లోనో ఐఎంపీఎస్‌లోనో వేస్తారు. నేరుగా బ్యాంకు నుంచి బ్యాంకుకు వైర్ చేస్తేనే స్విఫ్ట్ కోడ్ కావాలి.

మన ఊరి శాఖకు సొంత స్విఫ్ట్ కోడ్ లేకపోవడం మామూలే. అప్పుడు ఆ బ్యాంకు ప్రధాన కోడ్ గానీ, వాళ్లు చెప్పే ఫారెక్స్ శాఖ కోడ్ గానీ వాడి, వివరాల గడిలో మీ శాఖ పేరు, ఐఎఫ్ఎస్‌సీ రాయించాలి. గ్రామీణ బ్యాంకు, సహకార బ్యాంకు ఖాతాలకు మామూలుగా స్విఫ్ట్ కోడ్ ఉండదు. పెద్ద మొత్తాలకు వేరే బ్యాంకులో ఖాతా పెట్టుకోవడమే మేలు.

డాలర్లు వచ్చేటప్పుడు అక్కడి ఫారం మధ్యవర్తి బ్యాంకును అడిగితే, మీ బ్యాంకుకు న్యూయార్క్‌లో ఉన్న నోస్ట్రో ఖాతా (అక్కడి బ్యాంకులో మన బ్యాంకు పెట్టుకున్న ఖాతా) వివరాలు ఇవ్వాలి. బ్యాంకు వెబ్‌సైట్లో దొరుకుతాయి. ఐబాన్ అడిగితే ఇండియాకు ఐబాన్ లేదని చెప్పి ఖాతా నంబరు ఇవ్వమనండి.

విలీనమైన బ్యాంకుల పాత కోడ్‌లు ఇప్పటికీ చాలామంది ఎన్ఆర్ఐల సేవ్ చేసిన జాబితాల్లో ఉన్నాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అంతకుముందే, 2017లో, ఎస్‌బీఐలో కలిసింది. ఈ ఖాతాలున్నవాళ్లు పాత పాస్‌బుక్ ఫొటో పంపకుండా, శాఖకు వెళ్లి కొత్త కోడ్, కొత్త ఐఎఫ్ఎస్‌సీ ముద్ర వేయించుకుని ఆ కాగితం పంపండి. మీ అబ్బాయి పాత వివరాలను జాబితాలోంచి పూర్తిగా తీసేసి, కొత్తగా చేర్చాలి. పాత ఎంట్రీనే దిద్దితే ఎక్కడో ఒక గడిలో పాత అక్షరం మిగిలిపోతుంది.

అబ్బాయికో అమ్మాయికో పంపాల్సినవి ఇవి, ఫోన్‌లో ఒకసారి దాచుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు:

☐ పాస్‌బుక్‌లో ఉన్నట్టే పేరు
☐ ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ
☐ స్విఫ్ట్ కోడ్, అది శాఖదా, ప్రధాన కార్యాలయానిదా
☐ శాఖ చిరునామా, ఊరు, పిన్‌కోడ్‌తో
☐ ఇంటి ఖర్చులకైతే పర్పస్ కోడ్ పి-1301

మొదటిసారి అయితే చిన్న మొత్తం పంపించి, ఖాతాలో పడ్డాకే మిగతాది పంపమనండి. రెండోసారి వైర్ చార్జీ దండగ కదా అంటారు పిల్లలు. అననివ్వండి.